ఎండకాలంల హైపో (క్రిములను చంపే క్లోరిన్ ద్రావణం) మధ్యాహ్నానికే వాసన పోతున్నది, పనిచేస్తదా?

స్టాఫ్ నర్సు, దేవరకొండ దిక్కు పీహెచ్‌సీ:
లేబర్ రూమ్‌కు పొద్దున ఎనిమిదింటికి బకెట్ల బ్లీచింగ్ కలిపి పెడ్తున్నం, లీటరుకు 30 గ్రాములు. మధ్యాహ్నానికి వాసనే ఉంటలేదు. బస్తా రేకుల షెడ్డుల ఉన్నది, పౌడర్ గడ్డలు కట్టింది. మా బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువ, దానివల్ల అయితదా? రక్తం కింద పడితే ఇదే పోస్తున్నం. ఇంకింత పౌడర్ వెయ్యాల్నా?

ల్యాబ్ టెక్నీషియన్, మహబూబ్‌నగర్:
సిస్టర్, ఫ్లోరైడ్‌కు దీనికి సంబంధం లేదు, అది క్లోరిన్‌ను తినదు. తినేది ఎండ, వేడి, తేమ, రక్తం. లీటరుకు 30 గ్రాములనే లెక్క 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పౌడర్‌ది, అప్పుడే 1 శాతం ద్రావణం వస్తది. పౌడర్ 20 శాతానికి దిగితే అదే 1 శాతానికి 50 గ్రాములు కావాలె. రేకుల కింద ఎంతకు దిగిందో ఎవరికీ తెల్వదు గద, అందుకే అందాజగ పెంచకుండ్రి. గడ్డకట్టిన బస్తా రక్తం పనికి వాడనే వద్దు.

వాసనను కూడా నమ్మొద్దు. క్లోరిన్ కొంచెమున్నా ముక్కుకు తెలుస్తది, కాబట్టి వాసన ఉన్నదంటే బలం ఉన్నట్టు కాదు. పంచాయతీ వాళ్ల క్లోరోస్కోప్‌తోని చూస్తే లాభం లేదు: అది తాగునీళ్లల్ల లీటరుకు 0.5 మిల్లీగ్రాములు చూసే సామాను, మనకు కావాల్సిన 1 శాతమంటే 10,000.

బ్లీచింగ్ పౌడర్‌కు బదులు 5 శాతం హైపో (సోడియం హైపోక్లోరైట్) క్యాన్ దొరికితే అదే మేలు: 200 మి.లీ. హైపో, 800 మి.లీ. నీళ్లు. మూతున్న ప్లాస్టిక్ డబ్బాల, నీడకు, షిఫ్టుకు సరిపడా మాత్రమే కలుపుండ్రి. కలిపిన టైము డబ్బా మీద రాయాలె.

నర్సింగ్ ట్యూటర్, నల్లగొండ:
బలం సరిగ్గా ఉన్నా, పోసే పద్ధతి తప్పితే ఫలితం ఉండదు. రక్తంలోని ప్రోటీన్ క్లోరిన్‌ను అక్కడికక్కడే ఖర్చు చేసేస్తుంది. మందపాటి గ్లౌజులు వేసుకుని, గాజు ముక్కలుంటే ముందు ఫోర్సెప్స్ (పట్టకారు)తో తీసి నీలం గుర్తున్న డబ్బాలో వేయండి. ఎక్కువ రక్తం పడితే దూదితో పీల్చి పసుపు బ్యాగులో వేయండి. మిగిలిన మరక మీద కొత్త దూది కప్పి, అది తడిసేలా 1 శాతం హైపో పోసి 10 నిమిషాలు వదలండి. ఆ దూది కూడా పసుపు బ్యాగులోకే. చివర సబ్బు నీళ్లతో తుడవాలి. చాలాచోట్ల ఆ 10 నిమిషాలు ఆగరు, పోసిన వెంటనే మాప్ పెట్టేస్తారు. అప్పుడు రక్తాన్ని గదంతా పూసినట్టే. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం 7 రోజులు బతుకుతుంది.

స్టాఫ్ నర్సు:
మంచిగ చెప్పిండ్రు మేడం. ఫోర్సెప్స్, కత్తెరలు రాత్రంత అదే హైపోల నానబెడ్తున్నం, పర్వాలేదా?

నర్సింగ్ ట్యూటర్, నల్లగొండ:
వద్దమ్మా. స్టీలుకు గుంటలు పడతాయి, ఆ గుంటల్లో మురికి దాక్కుంటుంది. నానబెట్టాల్సి వస్తే 0.5 శాతంలో 10 నిమిషాలు, అంతకు మించొద్దు. తర్వాత కీళ్లు తెరిచి, డిటర్జెంట్ నీళ్లలో ముంచి ఉంచి, నీళ్ల లోపలే బ్రష్‌తో రుద్దండి. పైకి పట్టుకుని రుద్దితే తుంపరలు మొహాన పడతాయి. బాగా కడిగి, ఆరబెట్టి, ప్యాక్ చేసి ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్, 30 నిమిషాలు. కీళ్లు మూసి పెడితే లోపలికి ఆవిరి పోదు, సామాన్లు పెట్టే డ్రమ్ము రంధ్రాలు తెరవకపోయినా అంతే.

ల్యాబ్ టెక్నీషియన్, మహబూబ్‌నగర్:
ఇంకొకటి, ఇది మర్వకుండ్రి. మన దిక్కు బోరు నీళ్లకు బాత్రూం బండల మీద తెల్లచారలు పడ్తయి, ఆయమ్మలు యాసిడ్ పోసి రుద్దుతరు. దాని మీద బ్లీచింగ్ పడ్డదంటే క్లోరిన్ గ్యాస్ లేస్తది, మూసిన గదిల ఊపిరి ఆడదు. ఈ రెండు డబ్బాలు ఒక్క అలమరల పెట్టొద్దని ఆయమ్మలకు దగ్గరుండి చూపెట్టుండ్రి.