బెజవాడ పాత కాలక్షేపాలు: ఎవరికేం గుర్తున్నాయో రాయండి (ముందు నాకొక సాక్షి కావాలి)

బందరురోడ్డు బాబు:

అందరికీ నమస్తే. మొన్న ఒక పెళ్ళికని బెజవాడ వచ్చాం. సత్యనారాయణపురంలో బీఆర్‌టీఎస్ రోడ్డు మీద ఆటోలో వెళ్తూ మా అమ్మాయితో ఇదిగో ఈ రోడ్డున్న చోట రైలు పట్టాలుండేవి, గుడివాడ బండి ఇళ్ళ మధ్యలోంచి కూత పెట్టుకుంటూ పోయేది అన్నాను. అది నవ్విందంటే సరే, చిన్నపిల్ల. ఆటో కుర్రాడు కూడా వెనక్కి తిరిగి మరీ నవ్వాడు, ఇక్కడ రైలేంటి సార్ అని. పుట్టి పెరిగిన ఊళ్ళో నన్ను అబద్ధాలకోరుని చేసేశారు. దయచేసి ఎవరైనా ఒకళ్ళు సాక్ష్యం చెప్పండి, స్క్రీన్‌షాట్ తీసి దానికి చూపిస్తా.

మేం గవర్నర్‌పేటలో పాత బస్టాండు దగ్గరుండేవాళ్ళం. చదువయ్యాక ఉద్యోగం, ఇప్పుడు పుణెలో. పిల్లకి ఊరు చూపిద్దామంటే కొండమీద అమ్మవారు, బ్యారేజీ, భవానీ ద్వీపం, అయిపోయింది, ఇంకేంటి నాన్నా అంటుంది. నేనడిగేది చూడదగ్గ ప్రదేశాల గురించి కాదండీ, అవి ఫోన్లో కొడితే వస్తాయి. జేబులో పైసా లేనప్పుడు సాయంత్రం ఐదింటి నుంచి రాత్రి అన్నాలవేళ దాకా మీరెక్కడ తిరిగేవాళ్ళు, ఏం చేసేవాళ్ళు, అదీ నా ప్రశ్న. మా బ్యాచ్ అయితే బీసెంట్ రోడ్డు ఈ చివర్నించి ఆ చివరికి నడిచేది, ఏమీ కొనకుండా. మళ్ళీ వెనక్కి. అంతే, దానికే రోజూ ముస్తాబు, తలకి నీళ్ళు రాసుకుని దువ్వుకోవడం.

గేటు పక్కిల్లు:

బాబు గారూ, సాక్షిని నేనున్నాను, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతా. మాది రైలు గేటుకి దగ్గర్లోనే ఇల్లు. సత్యనారాయణపురానికి సొంతంగా స్టేషనే ఉండేది, గుడివాడ వైపు నుంచి వచ్చే మా చుట్టాలు పెద్ద స్టేషను దాకా పోకుండా ఇక్కడే దిగిపోయేవాళ్ళు, రిక్షా డబ్బులు మిగుల్తాయని. ఆ లైను ఇక్కణ్ణించి తీసేశాకే ఆ జాగాలో రోడ్డేశారు, కాబట్టి మీ ఆటో అబ్బాయికి వయసు సరిపోక తెలీలేదంతే, పాపం తిట్టకండి.

గేటు పడిందంటే అదొక సభ అండీ. సైకిళ్ళు, రిక్షాలు, పాలవాళ్ళు, కూరల బుట్టలు, ఇటు ముప్ఫై మంది అటు ముప్ఫై మంది. అటువైపు నిలబడ్డావిడతో మా అమ్మ పట్టాల మీదుగా అరుచుకుంటూ మాట్లాడేది, పిల్లకి సంబంధం కుదిరిందా, మీ ఆయనకి జ్వరం తగ్గిందా అని, ఆ సంగతులు అరవై మందీ వినేవాళ్ళు, ఎవరికీ దాపరికం లేదు. మగపిల్లలు గేటు కిందనుంచి దూరి పోతుంటే గేట్‌మ్యాన్ తిట్లు. మా అన్నయ్య పట్టా మీద ఐదు పైసల బిళ్ళ పెట్టేవాడు, బండి పోయాక అది అప్పడంలా అయ్యి ఎక్కడో కంకర్లో పడేది, దాన్ని వెతకడం ఒక గంట కాలక్షేపం.

ఇంకోటి, డబ్బుల్లేని కాలక్షేపం అంటే రేడియోని మర్చిపోతే ఎలా. మన ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, అంటే మా అమ్మ కంటే కొంచెమే చిన్నది. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారు రామాయణమో భారతమో చెప్తుంటే మా వీధిలో ఈ చివర్నించి ఆ చివరికి నడిచినా ఒక్క మాట తప్పిపోయేది కాదు, ప్రతి కిటికీలోంచీ అదే గొంతు. శ్రోతలు ఉత్తరాల్లో రాసిన ధర్మసందేహాలకి జవాబులు చెప్పేవారు చూడండి, మా నాన్న ఎందుకు నవ్వుతున్నాడో మాకు తెలిసేది కాదు, పెద్దయ్యాక అర్థమైంది ఆ చురకలు. ఆయన 1990లో పోయారు. ఆ తర్వాత మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం రేడియో పెట్టడమే తగ్గిపోయింది, టీవీ వచ్చింది కదా, అదీ కారణమే అనుకోండి.

గాంధీనగర్ రీలు:

రైలు సంగతి తేలిపోయింది కాబట్టి ఇక సినిమాల దగ్గరకి రండి. బెజవాడలో కాలక్షేపం అని అడిగి సినిమా మాటెత్తకుండా మూడు పేరాలు రాసేశారు, ఇదేం న్యాయం?

ఆంధ్రలో మొట్టమొదటి సినిమా హాలు మన మారుతీ టాకీసు, 1921లో పోతిన శ్రీనివాసరావు గారు కట్టించింది. అప్పటికి సినిమాకి మాటలే రాలేదు! ఆ తర్వాత ఊరంతా హాళ్ళే, లీలామహల్, నవరంగ్, అలంకార్, అప్సర, ఊర్వశి, రాసుకుంటూ పోతే తెల్లారుతుంది. పైగా గాంధీనగర్ నిండా డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులు. మా ఇల్లు ఆ సందుల్లోనే. స్కూలు నుంచి వచ్చి పుస్తకాల సంచి పడేసి ఆ ఆఫీసుల ముందు నిలబడడమే పని, రేకు పెట్టెల్లో రీళ్ళు రిక్షాల్లోకి ఎక్కించి బస్టాండుకీ స్టేషనుకీ పంపేవాళ్ళు, పెట్టె మీద సినిమా పేరూ ఊరి పేరూ రాసుండేవి. ఏ పెట్టె ఏ ఊరు పోతోందో చదివి సాయంత్రం ఫ్రెండ్సుకి చెప్తే నన్నేదో ఇండస్ట్రీ మనిషిలా చూసేవాళ్ళు. మీ నడకలకంటే ఇదే నయం గురూ.

ఒక్కోసారి ఒకటే ప్రింటు రెండు హాళ్ళకి తిప్పేవాళ్ళు. ఇక్కడ ఆడేసిన రీలు సైకిల్ మీద పెట్టుకుని ఒకడు అక్కడికి తొక్కాలి. వాడు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడా, అక్కడ తెల్లతెర, జనం ఈలలు, కుర్చీలు బాదడం. హీరో ఎంట్రీకి ఎన్ని చప్పట్లో ఆ సైకిలోడు హాల్లోకి వస్తే అన్ని చప్పట్లు.

ఇక ఎండాకాలం. బెజవాడ ఎండ సంగతి బయటి ఊరోళ్ళకి చెప్పినా అర్థం కాదు, ఊరికే అన్నారా బ్లేజ్‌వాడ అని. మ్యాట్నీకి వెళ్ళేది సినిమా కోసం కాదు ఏసీ కోసం. బుకింగ్ కిటికీ దగ్గర మా బాబాయి అడిగే మొదటి ప్రశ్న ఏసీ వేస్తున్నారా అని, రెండోది సినిమా ఏంటని. నవరంగ్‌లో లీలామహల్లో ఇంగ్లీషు సినిమాలు కూడా అలాగే చూసేశాం, కథ బయటికొచ్చాక మాలో మేమే తయారుచేసుకునేవాళ్ళం, ఒక్కొక్కడు ఒక్కో కథ. డబ్బులు అస్సల్లేకపోతే హాలు వరండాలో అద్దాల పెట్టెలో పెట్టిన ఫోటో కార్డులు చూసి, వాటి ప్రకారం సినిమా మొత్తం ఊహించుకుని ఇంటికి పోవడం. కొన్ని సినిమాలు అలా ఊహించుకున్నవే బాగున్నాయి, నిజంగా.

కరకట్ట కింద:

అందరూ బాగానే రాస్తున్నారు కానీ మరీ బెల్లం ఎక్కువైంది. నేను కృష్ణ ఒడ్డునే ఉన్న కృష్ణలంకలో పుట్టాను, ఇప్పటికీ ఇక్కడే ఉన్నా. రెండో వైపు కూడా ఎవరో ఒకళ్ళు చెప్పాలి.

ఊరి మధ్యలోంచి మూడు కాలవలు, బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ. మా పిల్లకాయలకి ఈత అక్కడే. కాలవకి నీళ్ళు ఆపేశాక ఎండాకాలం అడుగున మిగిలిన గుంటల్లో తువ్వాలుతో చేపలు పట్టడం, ఎండిపోయిన చోట క్రికెట్టు, అవన్నీ నిజమే, నేనూ చేశా. జూన్లో నీళ్ళు వదిలినప్పుడు ఆ మొదటి బురద నీళ్ళు చెత్తనంతా తోసుకుంటూ వస్తుంటే దానితో పోటీగా గట్టు మీద పరిగెత్తడం ఉండేది, ఆ సరదా ఇంకెక్కడా చూళ్ళేదు. కానీ అదే కాలవలో ఏటా ఎవరో ఒక పిల్లాడు పోయేవాడు. మా క్లాసులో ఒకడు పోయాడు. అది ఎవరూ రాయరు.

బ్యారేజీ సంగతి. 1952లో పాత ఆనకట్ట తెగింది, తర్వాత 1954 నుంచి 57 దాకా ఇప్పుడున్నది కట్టారు, ప్రకాశం గారి పేరు పెట్టారు. 70 గేట్లు. కనకదుర్గ వారధి వచ్చేదాకా గుంటూరు బస్సులన్నీ దాని మీదుగానే. వరదొచ్చి గేట్లన్నీ ఎత్తారని తెలిస్తే టౌనంతా అక్కడే, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని, పిడతకింద పప్పు పొట్లాలు, ఐస్ బండ్లు, తిరునాళ్ళే. సరిగ్గా ఆ టైముకి మేం ఏం చేస్తుండేవాళ్ళమో తెలుసా, బియ్యం డబ్బా అటక మీదకి, మంచం మీద మంచం, ముసలాళ్ళని స్కూలు బిల్డింగుకి. మా ఇంట్లో నీళ్ళు, మీకు కాలక్షేపం. కోపంతో అనట్లేదు, ఉన్నమాట.

2009 అక్టోబరులో వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు, బ్యారేజీ చరిత్రలోనే అంత ఎప్పుడూ రాలేదు, అయినా ఈసారి రిటైనింగ్ వాల్ ఉండబట్టి మేం బతికిపోయాం, బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు వాళ్ళు మునిగారు. ఆ గోడ వల్ల మాకు ఇంటి ముందు నది కనపడదు. పోతే పోనీ.

పాతపుస్తకం:

కరకట్ట అన్నా, ఆ ఒక్క లైనుకి దండం. మేం టౌనోళ్ళం ఆ వైపు ఎప్పుడూ ఆలోచించం.

నా వంతు చిన్నది. మా నాన్నకి ఉన్న ఒకే ఒక్క వ్యసనం లెనిన్ సెంటర్లో ఏలూరు కాలవ పక్కన పాత పుస్తకాల షాపులు. ఆదివారం నన్ను కూడా తీసుకెళ్ళేవాడు, ఆయన నిలబడే సగం పుస్తకం చదివేసి మిగతా సగానికి బేరమాడేవాడు. షాపాయనకీ తెలుసు, ఏమీ అనడు. బెజవాడకి చదువు పిచ్చి ఇవాళ్టిది కాదు లెండి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది ఇక్కడే. రిక్షా తొక్కేవాళ్ళు సవారీలు లేనప్పుడు సీట్లో కాళ్ళు చాపుకుని పేపరు చదువుతూ కనపడేవాళ్ళు, ఒకడు చదివితే నలుగురు వింటూ రాజకీయాల మీద గొడవ. పార్టీ లేని మనిషి ఉండేవాడు కాదు అప్పట్లో.

1989 నుంచి జనవరిలో పుస్తకాల పండగ. చాలా ఏళ్ళు స్వరాజ్య మైదానంలోనే, అదేనండీ పీడబ్ల్యూడీ గ్రౌండు. సర్కస్ అక్కడే, ఎగ్జిబిషన్ అక్కడే, మీటింగులూ అక్కడే. ఇప్పుడక్కడ 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఉంది, 2024 జనవరిలో ఆవిష్కరించారు. విగ్రహం గొప్పగా ఉంది, నాకేం అభ్యంతరం లేదు, చూడ్డానికి జనం కూడా బాగా వస్తున్నారు. కాకపోతే ఊరి మధ్యలో ఏమీ కట్టకుండా ఖాళీగా వదిలేసిన నేల ఒకటి ఉండటం కూడా ఒక సౌకర్యమేనని నా అభిప్రాయం, తిట్టేవాళ్ళు తిట్టండి.

గాంధీనగర్ రీలు:

తిట్టం గానీ, ఆ గ్రౌండులో సర్కస్ డేరా వెనకనుంచి దూరబోయి ఏనుగు కాళ్ళ దగ్గర తేలిన బ్యాచ్ ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉన్నారనే నా అనుమానం, ఒప్పుకోరు.

బందరురోడ్డు బాబు:

అబ్బో, ఒక్క రాత్రికి ఇన్ని వచ్చాయి. సాక్ష్యం చూపించా, మా అమ్మాయి ఒప్పుకుంది, ఆ బిళ్ళ ఒకటైనా దాచి ఉంటే బాగుండేదట. కరకట్ట గారూ, మీరు రాసింది కూడా చదివి వినిపించాను, చాలాసేపు ప్రశ్నలడిగింది, ఇళ్ళు ఎందుకు అక్కడే కట్టుకున్నారు, ముందే ఎందుకు చెప్పరు అని. నా దగ్గర సరైన జవాబులు లేవు, మీరే ఎప్పుడైనా చెప్పాలి. సరే, మళ్ళీ సెలవల్లో వస్తున్నాం. ఈ ఊళ్ళో దానికి చూపించడానికి పాతవి ఇంకా ఏం మిగిలాయి?

కరకట్ట కింద:

ఇళ్ళు ఎందుకు కట్టుకున్నామంటే టౌన్లో అద్దెలు కట్టలేక, ఇంకేముంది. వచ్చినప్పుడు మా ఇంటికి రండి, మా అమ్మ చెప్తుంది, ఆవిడ మొదలుపెడితే ఆపడం మాత్రం మీ వల్ల కాదు.

గేటు పక్కిల్లు:

మిగిలినవి ఉన్నాయండీ, మరీ నిరాశ పడకండి. గాంధీ కొండ ఎక్కించండి, 1968లో పెట్టిన స్తూపం, ప్లానెటోరియం, కొండ చుట్టూ తిరిగే టాయ్ ట్రైను. అది మధ్యలో చాలాకాలం మూలపడింది, నడుస్తోందో లేదో అడిగి వెళ్ళండి, లేకపోతే పిల్ల ముందు మీకు రెండో రైలు కూడా పోతుంది. పైనుంచి మన స్టేషను పట్టాలన్నీ కనపడతాయి, మా మనవడు అక్కణ్ణించి కదల్లేదు. బందరు రోడ్డులో విక్టోరియా మ్యూజియం, ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్నారు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలప్పుడే పింగళి వెంకయ్య గారు గాంధీ గారికి జెండా నమూనా ఇచ్చింది, అది చెప్పండి మీ అమ్మాయికి, స్కూల్లో పనికొస్తుంది. పొద్దున్నే వెళ్ళగలిగితే గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ, వెన్న వేసి ఇస్తారు, ఆలస్యమైతే నిలబడి తినాల్సిందే.

దసరాకి మాత్రం చిన్నపిల్లతో వస్తే మూలానక్షత్రం రోజు కొండకి వెళ్ళకండి, ఆ క్యూలో మీకే ఓపిక ఉండదు. తెప్పోత్సవం చూడండి చాలు. సెలవలు ఫిబ్రవరిలో దొరికితే గుణదల మేరీమాత తిరునాళ్ళు 9, 10, 11 తేదీల్లో, హిందువులూ ముస్లిములూ అందరం వెళ్ళేవాళ్ళం, ఇప్పటికీ వెళ్తున్నాం, బొమ్మల కొట్లు కూడా ఉంటాయి. ఆ మూడు రోజులూ ఏలూరు రోడ్డులో కారు మాత్రం తీయకండి.