మైనర్ సెవెంత్ ఆర్పెజియో: చూపుడు వేలు ఒక తీగ నుంచి ఇంకో తీగకు శుభ్రంగా మారాలంటే ఎలా?

గిటార్ వాయించేవారికి నమస్కారం. నాలుగు నెలలుగా మైనర్ సెవెంత్ ఆర్పెజియోలు (కార్డ్‌లోని స్వరాలను కలిపి మోగించకుండా ఒక్కొక్కటిగా వాయించడం) సాధన చేస్తున్నాను. ఎ మైనర్ సెవెంత్‌ను ఆరో తీగ ఐదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది గడి) నుంచి మొదలుపెడతాను: ఎ, సి, ఇ, జి. చిన్నప్పుడు కొంత కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. శుద్ధ ధన్యాసి రాగంలో మధ్యమం వదిలేసి స గ ప ని పాడుకుంటే చాలు, స్వరాలు వెంటనే పట్టుబడ్డాయి. ఇబ్బంది వేళ్లతోనే.

చిక్కంతా మూడో తీగ మీది సి నుంచి రెండో తీగ మీది ఇకి వెళ్లేచోట వస్తోంది. రెండూ ఐదో ఫ్రెట్‌లోనే ఉన్నాయి, రెండింటికీ చూపుడు వేలే దిక్కు. వేలిని అడ్డంగా పరిస్తే రెండు స్వరాలూ కలిసి మోగి కార్డ్‌లా వినిపిస్తున్నాయి. ఎత్తి పెడితే నాదం తెగుతోంది. వేలి కొసతో మూడో తీగను నొక్కి, మెల్లగా పొర్లించినట్టు రెండో తీగ మీదికి వాలిస్తే మెట్రోనోమ్ 60 (నిమిషానికి 60 దెబ్బల లయ) దగ్గర చక్కగా పలుకుతుంది. 80 దాటితే మళ్లీ అదే గజిబిజి. కిందికి దిగేటప్పుడు మరీ కష్టంగా ఉంది. రెండో తీగకు మధ్యవేలు వాడడం మంచిదా?

ఇంకో సందేహం. ఇక్కడి నుంచి డి సెవెంత్‌కు మారుతూ, నాలుగో తీగ మీది జి నుంచి ఒక్క ఫ్రెట్ దిగి ఎఫ్ షార్ప్‌ను అందుకున్నప్పుడు ప్రాణం లేచివస్తుంది. గిటార్ మెడ పొడవునా ఆర్పెజియో ఆకారాలన్నీ (వేళ్ల అమరికలు) వచ్చాకే ఇలా కలపాలా, ఈ ఒక్కదానితోనే మొదలుపెట్టవచ్చా? మీరు ఎలా సాధన చేశారో దయచేసి చెప్పండి.