గుంతలో పడ్డప్పుడే పోతున్న ఫ్యూజు: పాత జీపులో షార్ట్ ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

ప్రశ్న (కనగల్, నల్లగొండ జిల్లా)

అందరికీ నమస్కారం. మా దగ్గర 1997 నాటి డీజిల్ జీపు ఉంది. బత్తాయి తోటకు ఎరువులు, కూలీలను చేరవేయడానికి, కాయ దింపిన రోజుల్లో చిన్న ట్రాలీ తగిలించి లాగడానికి ఇప్పటికీ అదే ఆధారం. రెండు నెలలుగా దానికి ఒక జబ్బు పట్టుకుంది. హెడ్‌లైట్లు బాగానే వెలుగుతున్నాయి గాని, పార్కింగ్ లైట్లు, వెనుక ఎర్ర లైట్లు, మీటరు లైట్లు కలిసి ఉన్న 15 ఆంపియర్ల ఫ్యూజు మాటిమాటికీ పోతోంది. ఇంటి ముందు నిలబెట్టి, లైట్లు వేసి గంటసేపు చూసినా ఏమీ కాదు. నార్కట్‌పల్లి దగ్గర హైవే దిగి, నల్లగొండ దాటి, మా ఊరి మట్టి బాటలోకి తిరిగిన తరువాత మాత్రం ఏదో ఒక గుంతలో వెనుక చక్రం దిగగానే మీటరు చీకటైపోతుంది. రాత్రిపూట వెనుక ఎర్ర లైటు లేని బండిని నడపడమంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవడమే.

ఒక షాపులో చూపిస్తే నీలం రంగు 15 ఫ్యూజు తీసి, ఆకుపచ్చ రంగు 30 ఫ్యూజు వేసి, ఇక పోదని చెప్పి పంపారు. నిజంగానే నాలుగు రోజులు పోలేదు. ఐదో రోజు డాష్‌బోర్డు కింద నుంచి కాలిన వైరు వాసన వచ్చేసరికి బండి పక్కకు ఆపి బ్యాటరీ తీగ విప్పేశాను. మొత్తం వైరింగ్ మార్చాల్సిందేనని మరొకరు అంటున్నారు. అంత ఖర్చు లేకుండా షార్ట్ ఉన్న చోటును ఇంటి దగ్గరే పట్టుకొనే ఉపాయం ఉంటే చెప్పగలరు. ఇంకొక సందేహం కూడా ఉంది. ఫ్యూజు తీసేసి, ఆ వైరుకూ బాడీకీ మధ్య మల్టీమీటరు బజరు (కరెంటుకు దారి ఉంటే కూసేది) పెడితే ఎప్పుడు చూసినా కూస్తూనే ఉంది. షార్ట్ ఎప్పుడూ ఉన్నట్టే అయితే, నిలబడి ఉన్నప్పుడు ఫ్యూజు ఎందుకు పోవడం లేదు?

జవాబు (మిర్యాలగూడ, ఆటో ఎలక్ట్రీషియన్)

అన్నా, ముందుగా ఆ 30 ఫ్యూజును తీసి పక్కన పెట్టండి. ఫ్యూజు ఉన్నది బల్బును కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. ఆ లైన్లో ఐదు వాట్ల బల్బులు ఒక ఐదు, మీటరు బల్బులు రెండు మూడు ఉంటాయి; అన్నీ కలిపినా 12 వోల్టుల మీద మూడు ఆంపియర్లకు మించవు. దానికి తగ్గట్టే అక్కడ సన్నని వైరు వేస్తారు. షార్ట్ అయినప్పుడు 15 ఫ్యూజు తెగి కరెంటును ఆపుతుంది. 30 పెడితే అది తెగేలోపు వైరే కాలుతుంది. మీకు వచ్చిన వాసన అదే.

మీ మల్టీమీటరు తప్పు చెప్పలేదు, కానీ అది చెప్పినదానికి మీరు తీసుకున్న అర్థం వేరు. బల్బులోని ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం వెలిగినప్పటి దానిలో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. ఐదు వాట్ల బల్బు వెలిగినప్పుడు 29 ఓముల దాకా ఉంటే, ఆరిపోయి ఉన్నప్పుడు రెండు మూడు ఓములే ఉంటుంది. అలాంటివి ఐదారు పక్కపక్కన ఉంటే మొత్తం నిరోధం ఒక ఓము లోపలికి వస్తుంది గనుక, బజరు కూయక ఏం చేస్తుంది? ఆ లైన్లోని బల్బులన్నీ హోల్డర్ల నుంచి తీసేసిన తరువాతే బజరు మాటకు విలువ. అప్పుడు కూడా గుంతలో మాత్రమే తగిలే షార్టును అది నిలబడ్డ బండిలో చూపలేదు.

దీనికి మేము చేసే పని ఇది. పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి, 60 వాట్లది, తీసుకొని దానికి రెండు వైర్లు కట్టి, ఫ్యూజు తీసిన చోట రెండు కాళ్లకూ తగిలించండి. ఇప్పుడు ఎంత గట్టి షార్ట్ అయినా ఆ బల్బు ఐదు ఆంపియర్లకు మించి పోనివ్వదు గనుక వైరు కాలదు, ఫ్యూజుల డబ్బులూ మిగులుతాయి. ఆ లైన్లోని బల్బులన్నీ తీసి, లైటు స్విచ్ వేయండి. మీరు కట్టిన బల్బు ఆరి ఉంటే ఆ క్షణానికి షార్ట్ లేదు; పూర్తిగా వెలిగితే ఉంది. తరువాత వెనుక ఇద్దరిని ఎక్కించి గట్టిగా ఊగమనండి. బల్బు మినుకుమంటే, వెనుకకు పోయే వైరింగ్ కట్ట కనెక్టరును విప్పి మళ్లీ ఊపించండి. అప్పుడు మినుకు ఆగిపోతే దోషం కనెక్టరుకు వెనుక ఉంది, ఆగకపోతే ముందు ఉంది. ఇలా సగం సగం విడదీస్తూ పోతే గంటలో మూర పొడవు వైరు దగ్గరికి వచ్చేస్తారు.

జవాబు (జడ్చర్ల)

ఎలక్ట్రీషియన్ గారు చెప్పిన పద్ధతి సరైనదే. అయితే ప్రశ్నలో ట్రాలీ మాట ఉంది కాబట్టి మొదట ట్రాలీ లైట్లకు కరెంటు ఇచ్చే సాకెట్‌ను చూడమని నా సలహా. మాకూ పాత జీపు ఉండేది. దానికి తరువాత పెట్టించుకున్న అతుకులే మమ్మల్ని ఏడిపించాయి తప్ప, కంపెనీ వైరింగ్ ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. వైరును బ్లేడుతో గీకి, మెలిపెట్టి, టేపు చుట్టి వదిలేస్తారు. మన ఎండలకు ఆ టేపు జిగురు కరిగి ఊడిపోతుంది. షెడ్డులో వడ్ల బస్తాలు ఉంటే ఎలుకల సంగతి కూడా మరవకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం మా తమ్ముణ్ణి, వాడి స్నేహితుణ్ణి ఎక్కించి చేశాను. ట్రాలీ సాకెట్ వైర్లు మొదటే విప్పాను. అతుకు వికారంగా ఉంది గాని, అది విప్పినా మినుకు ఆగలేదు. వెనుక కట్ట కనెక్టరు తీయగానే ఆగింది. అక్కడి నుంచి బండి కిందికి దూరి, వాళ్లు ఊగుతుంటే వైరింగ్ కట్టను చేతితో పట్టుకొని చూస్తూ పోయాను. వెనుక అడ్డ ఛాసిస్‌లో కట్ట దూరే రంధ్రానికి ఉండాల్సిన రబ్బరు వాషరు ఎప్పుడో ఎండి రాలిపోయింది. ఆ ఇనుప అంచు మీద దుమ్ము, గ్రీజు పేరుకొని అంతా నల్లగా ఉంటే, ఒక్క చోట మాత్రం ఆవగింజంత మేర తెల్లగా మెరుస్తోంది. దానికి ఎదురుగా ఉన్న వైరుకు తొడుగు చీలి రాగి కనబడింది. గుంతలో పడ్డప్పుడల్లా ఆ రెండూ ముద్దాడుకుంటున్నాయన్నమాట.

ఆ ముక్క కోసి, కొత్త వైరు సోల్డరింగ్ చేసి, స్లీవు తొడిగి, రంధ్రానికి కొత్త రబ్బరు వేశాను. 15 ఫ్యూజుతో మట్టి బాటలో పదిహేను కిలోమీటర్లు తిరిగినా పోలేదు. కానీ కొత్త వింత ఒకటి బయటపడింది. లైటు స్విచ్ ఆపి ఉన్నా, బ్రేకు తొక్కితే మీటరు లైట్లు వెలుగుతున్నాయి. ఇది నేను చేసిన తప్పేనా?

జవాబు (మిర్యాలగూడ, ఆటో ఎలక్ట్రీషియన్)

మీ తప్పు కాకపోవచ్చు. దీనికి రెండు కారణాలు ఉంటాయి. వెనుక లైటుకు ఎర్త్ (బాడీతో కలిపే కనెక్షన్) సరిగా లేకపోతే, ఒకే బల్బులో ఉన్న 21 వాట్ల బ్రేకు ఫిలమెంటు నుంచి కరెంటు ఐదు వాట్ల ఫిలమెంటులోకి మళ్లి, ఆ లైన్ గుండా మీటరుకు చేరుతుంది. రెండోది, ఆ రెండు వైర్లే ఎక్కడో ఒకదానికొకటి కరుచుకొని ఉండడం. తేడా తెలుసుకోవడం సులువు: మొదటి దానిలో మీటరు మసకగా వెలుగుతుంది, రెండో దానిలో నిండుగా వెలుగుతుంది. వెనుక బల్బులు రెండూ తీసేసి బ్రేకు తొక్కండి. అప్పుడు కూడా మీటరు వెలిగితే ఎర్త్‌ను అనుమానించకండి. కాలిన వాసన వచ్చిన చోట టేపు విప్పండి.

ప్రశ్న అడిగినవారు

బల్బులు తీసినా నిండుగానే వెలిగింది. డాష్‌బోర్డు కింద టేపు విప్పితే, జానెడు మేర ఎర్ర లైటు వైరు, బ్రేకు వైరు తొడుగులు కరిగి ఒకటిగా అతుక్కుపోయి ఉన్నాయి. గోటితో విడదీస్తే పెంకులా ఊడివచ్చింది. 30 ఫ్యూజు నాలుగు రోజుల్లో చేసిన పని అది. రెండింటినీ స్విచ్ నుంచి కనెక్టరు దాకా కొత్తవి లాగాను. మొత్తం ఖర్చు వైరు, స్లీవు, రబ్బరు కలిపి వైరింగ్ మార్పిడికి అడిగిన దానిలో పదో వంతు కాలేదు. 60 వాట్ల బల్బు, దానికి కట్టిన రెండు వైర్లు ఇప్పుడు సీటు కింద టూల్ పెట్టెలో ఉన్నాయి.