కండరం బిగుసుకోవడం సరే, వదిలేది ఎలా?

పరీక్షల_పక్షి: రేఖిత (ఎముకలను కదిలించేవి), నునుపు (పేగులు, రక్తనాళాల్లో ఉండేవి), హృదయ కండరాలు... పుస్తకం మూయగానే మూడూ కలిసిపోతున్నాయి. కండరంలోని ప్రోటీన్ పోగులు రెండు, యాక్టిన్ మీద మయోసిన్ జారితే కండరం కురచవుతుంది, సరే. మళ్లీ వదులయ్యేది ఎలా? ఊపిరి తీయించే డయాఫ్రం ఏ రకంలోకి వస్తుంది?

జిమ్_పిచ్చోడు: గట్టిగా స్క్వాట్స్ చేయండి, మర్నాడు మెట్లు దిగుతుంటే కండరాలన్నీ వాటంతటవే గుర్తొస్తాయి. లాక్టిక్ యాసిడ్ పేరుకుంటే అంతే మరి. ఏళ్ల తరబడి ట్రైనింగ్ ఇస్తున్నా, నాకు తెలీదా?

ల్యాబ్_పురుగు: మళ్లీ లాక్టిక్ యాసిడ్! వ్యాయామం ఆపాక గంట, గంటన్నరలో లాక్టేట్ (ఒంట్లో లాక్టిక్ యాసిడ్ ఉండే రూపం) మామూలు స్థాయికి దిగిపోతుంది. నొప్పి ముదిరేది ఒకటి నుంచి మూడు రోజుల మధ్య. ఊరు దాటిపోయిన దొంగ మీద ఇవాళ్టి దొంగతనం మోపుతున్నారు.

జిమ్_పిచ్చోడు: మరి సెట్ మధ్యలో తొడలు మండేది దేనికి సార్? పుస్తకం మోస్తే మండదు, బరువు మోయాలి.

ల్యాబ్_పురుగు: ఆ మంట వేరు, మర్నాటి నొప్పి వేరు. మెట్లు దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అలాంటి పనిలోనే పోగులు ఎక్కువ దెబ్బతింటాయి. బరువు నేనూ మోస్తాను, వీడియోలు పెట్టనంతే.

నిద్రలేని_పిక్క: మీ గొడవ తర్వాత. అర్ధరాత్రి పిక్క పట్టేస్తే ప్రాణం పోతోంది. మెగ్నీషియం బిళ్లలు మింగినా తేడా లేదు. లేచి కాలివేళ్లను మోకాలి వైపు లాగితేనే వదులుతుంది.

తెల్లకోటు: అసలు ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పరేం? వదలడానికీ ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కావాలి. కొత్త ఏటీపీ వచ్చి అతుక్కుంటేనే మయోసిన్ తల యాక్టిన్‌ని వదులుతుంది. బిగుసుకోమని చెప్పే కాల్షియంను తిరిగి కణంలోని నిల్వ సంచుల్లోకి తోడడానికీ ఏటీపీయే. చనిపోయాక శరీరం కొయ్యబారేది ఏటీపీ అయిపోయే. కాల్షియం, యాక్టిన్ మీదుండే ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకోగానే మయోసిన్‌కి దారి తెరుచుకుంటుంది, మూడు రకాల్లోనూ అంతే. ఈ జారుడు సిద్ధాంతం 1954లో హక్స్‌లీ చెప్పింది.

ల్యాబ్_పురుగు: మూడింట్లోనా? నునుపు కండరంలో ట్రోపోనిన్ ఎక్కడిదండీ, అక్కడ ఆ పని చేసేది కాల్మోడ్యులిన్ అనే ఇంకో ప్రోటీన్ కదా! పైగా హక్స్‌లీలు ఇద్దరు, చుట్టాలు కూడా కారు. నేచర్ అనే సైన్స్ పత్రిక ఒకే సంచికలో రెండు పేపర్లు వచ్చాయి. హ్యూతో జీన్ హాన్సన్, ఆండ్రూతో నీడర్‌గెర్కే. హాన్సన్ పేరు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

తెల్లకోటు: తొందరలో రాస్తే ఇక్కడ ఉరి తీస్తారు.

పరీక్షల_పక్షి: డయాఫ్రం???

ల్యాబ్_పురుగు: రేఖితమే. నిద్రలోనూ మెదడు కాండం నడిపిస్తుంది కాబట్టి నునుపేమోనని అనుమానం వస్తుంది.

నిద్రలేని_పిక్క: మరి గుండె కూడా ఇలాగే పట్టేస్తే? టెన్షన్‌గా ఉంది.

తెల్లకోటు: పిక్కలా పట్టేయదు. ఒకసారి ముడుచుకున్న గుండె కణం, దాదాపు వదులయ్యేదాకా ఇంకో సంకేతాన్ని తీసుకోదు.

జిమ్_పిచ్చోడు: సరే, ఈ ఏటీపీ పెరగాలంటే క్రియాటిన్ ఎవరైనా వాడుతున్నారా?