కత్తెర పురుగు పేగుల్లోని బ్యాక్టీరియా మందును విరగ్గొడుతుందా?

చీపురుపల్లి రైతు: రబీ మొక్కజొన్నకు ఇమామెక్టిన్ అనే పురుగుమందు లీటరు నీటికి 0.4 గ్రాముల చొప్పున రెండుసార్లు కొట్టాను. మొవ్వు విప్పితే తడిసిన రంపపు పొట్టులాంటి పెంట, దాని కింద బలిసిన పురుగు, నుదుట తిరగేసిన వై గుర్తు. దాని పేగుల్లోని బ్యాక్టీరియా మందును విరగ్గొడుతుందంటున్నారు. నిజమేనా?

బొబ్బిలి మొక్కజొన్న: ఎదిగిన పురుగు పెంటతో మొవ్వుకు బిరడా వేసుకుంటుంది. పొద్దువాలాక నాజిల్‌ను మొవ్వులోకి వంచి కొట్టాను, నా ఎకరం నిలబడింది. బ్యాక్టీరియాను తర్వాత చూద్దాం.

నైర విద్యార్థి: కొంత నిజమే. బ్రెజిల్‌లో కత్తెర పురుగు పేగుల నుంచే కొన్ని మందులను విరగ్గొట్టే బ్యాక్టీరియాను వేరుచేశారు. జపాన్‌లో చిక్కుడు రసం పీల్చే ఓ పురుగు మట్టి నుంచి బర్ఖోల్డేరియా అనే బ్యాక్టీరియాను పేగుల్లోకి తీసుకుని ఫెనిట్రోథియాన్ అనే పురుగుమందును తట్టుకుంటుందని 2012లో తేల్చారు. ఒకే మందు పదేపదే కొడితే మట్టిలో ఆ బ్యాక్టీరియానే పెరుగుతుంది.

మందుల కొట్టు, విజయనగరం: ఇరవై ఏళ్లుగా పురుగులు చూస్తున్నాను. రసం పీల్చే పురుగు వేరు, కత్తెర పురుగులాంటి గొంగళి వేరు. గొంగళి పేగు క్షారం, తిన్నది గంటల్లో బయటపడుతుంది. అందులో కాపురముండే బ్యాక్టీరియా చాలా తక్కువ.

రాజాం వరి: అయితే ఆ కొంచెమూ చంపేద్దాం. ఎండాకు తెగులుకు తెచ్చిన స్ట్రెప్టోమైసిన్ పొడి ఉంది. బీటీ మందులో కలపవచ్చా?

నైర విద్యార్థి: వద్దు! బీటీ అంటేనే పురుగును చంపే బ్యాక్టీరియా. దాన్నే చంపుతారా?

రాజాం వరి: మూడేళ్లుగా వరికి కొడుతున్నాను, ఏమీ కాలేదు. పుస్తకాలు చదివినంత మాత్రాన రైతును గద్దించకండి.

టెక్కలి: మా నాన్నకు క్షయ వచ్చినప్పుడు పొడిచిన సూది స్ట్రెప్టోమైసినే. ఇంజక్షన్ల నొప్పికి ఆయన మంచం మీద ఒత్తిగిల్లలేకపోయేవారు. ఆ మందును పురుగు మీద పారబోస్తే, రేపు మనిషికి పనిచేయకపోతే ఎవరిని అడగాలి?

రాజాం వరి: మీ నాన్నగారి సంగతి నాకు తెలియదు. ఆ పొడి ఇక ముట్టను.

గార గట్టు: సుడిదోమ కూడా ఇంతేనా?

నైర విద్యార్థి: దానికి ముఖ్యమైన తోడు ఈస్టులాంటి శిలీంధ్రం. పేగులో కాదు, కొవ్వు కణాల్లో ఉంటుంది.

పలాస జీడి: తేయాకు దోమకు జీడి పూత మాడిపోతోంది. ఎవరైనా చెప్పండి.

చీపురుపల్లి రైతు: ఇప్పుడే ఇరవై మొవ్వులు విప్పాను. పై ఆకుల మీదే తెల్లగా మందు ఎండిపోయింది, లోపల చుక్క లేదు. బొబ్బిలి వారూ, నాజిల్ ఎంత దూరంలో పట్టారు?