అప్‌డేట్: సీనియర్ మాస్టర్ల శిబిరానికి వెళ్లి వచ్చాను

తైక్వాండోలో ఏడాదిగా, బ్లాక్ బెల్టుకు ముందు వచ్చే ఎర్ర బెల్టు దగ్గరే ఆగిపోయిన నేను, సీనియర్ మాస్టర్ల రెండు రోజుల శిబిరానికి వెళ్తే ప్రయోజనం ఉంటుందా అని ఇంతకుముందు అడిగాను. ఉంది, అయితే నేను ఊహించిన రీతిలో కాదు.

గాలిలో తిరిగి తన్నే మెళకువలు నేర్పుతారనుకున్న నాచేత మొదటి మాస్టరు ఉదయమంతా డోల్యో చాగీ (కాలిని పక్క నుంచి గుండ్రంగా తిప్పి తన్నడం) ఒక్కటే చేయించారు. కాలు విసిరే ముందు మోకాలిని పూర్తిగా మడిచి ఎత్తాలని, నేల మీది పాదం మడమ లక్ష్యం వైపు తిరిగితేనే నడుము బలం తన్నులోకి వస్తుందని, తిరగకపోతే ఆ ఒత్తిడి మోకాలిపై పడుతుందని నా కాలినే చూపించి వివరించారు. (నా మోకాలి నొప్పికి కారణం బహుశా అదేనేమో.) రెండవ మాస్టరు, వయసులో చాలా పెద్దావిడ, ఎనిమిది తేగుక్ పూమ్సేలలో (ఒంటరిగా, నిర్ణీత వరుసలో చేసే కదలికల సాధనలలో) మొదటిదైన ఇల్ జాంగ్‌ను ఎంత నెమ్మదిగా, ఎంత శ్రద్ధగా చేశారంటే, దానిని ఎప్పుడో దాటేశానన్న నా గర్వం అక్కడే కరిగిపోయింది.

ఇప్పుడు ప్రతి సాధననూ ఇల్ జాంగ్‌తోనే మొదలుపెడుతున్నాను. తన్నుల సంఖ్యను సగానికి తగ్గించాను. బ్లాక్ బెల్టు పరీక్షను ఆరు నెలలు వాయిదా వేసుకుంటానంటే మా మాస్టరు గారు అభ్యంతరం చెప్పలేదు.