అల్లకల్లోలపు సముద్రంలో ఓడలోనే గడపవలసిన రోజులు: పెద్దవాళ్లతో ఎలా?

ప్రశ్న (మల్కాజ్‌గిరి వాసి)

అందరికీ నమస్కారం. మా చెల్లెలు లండన్‌లో ఉంటుంది. ఈ నవంబరులో అమ్మను, నాన్నను తీసుకుని సౌతాంప్టన్‌లో క్రూయిజ్ ఓడ ఎక్కి, మదీరా, కానరీ దీవులు చూసి రావాలని టిక్కెట్లు తీసుకున్నాము. దారిలో ఫ్రాన్స్, స్పెయిన్ తీరాల మధ్య ఉన్న బిస్కే అఖాతం దాటాలని, చలికాలం మొదలయ్యే ఆ రోజుల్లో అక్కడ సముద్రం తరచుగా ఉగ్రంగా ఉంటుందని తరువాతే తెలిసింది. వెళ్లేటప్పుడు రెండు మూడు రోజులు, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ అన్ని రోజులు ఏ రేవూ తగలదు.

అమ్మకు 67 ఏళ్లు. శ్రీశైలం వెళ్లేటప్పుడు దోమలపెంట దాటి మలుపులు మొదలుకాగానే ఆమెకు కడుపులో తిప్పుతుంది. నాన్నకు 72 ఏళ్లు, ప్రోస్టేట్‌కు మందులు వాడుతున్నారు. హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహం దాకా లాంచీలో వెళ్లడం తప్ప ఇద్దరికీ నీటి ప్రయాణం తెలియదు. మా గది 10వ అంతస్తులో, ఓడ ముందు భాగంలో, బాల్కనీతో ఉంది. ప్రయాణం మానుకునే ఉద్దేశం లేదు. ఆ రోజులను మంచం మీద పడి లెక్కపెట్టుకోకుండా ఎలా గడపవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు (సైనిక్‌పురి, విశ్రాంత మెరైన్ ఇంజనీరు)

అన్నిటికంటే ముందు గది మార్చుకోండి. ఓడ ముఖ్యంగా రెండు విధాలుగా కదులుతుంది: పక్కలకు ఒరుగుతుంది, ముక్కు పైకి లేచి కిందికి దిగుతుంది. పక్కలకు ఒరగడాన్ని నీటి కింద రెండు వైపులా చాచి ఉంచే స్టెబిలైజర్ రెక్కలు చాలావరకు అదుపు చేస్తాయి. ముక్కు లేచి పడడాన్ని అవి దాదాపు ఏమీ చేయలేవు. త్రాసు దండెను చూడండి, చివరలు ఎంత ఎగిరినా చేతితో పట్టుకునే నడిమి చోటు అంతగా కదలదు. ఓడలోనూ అంతే. ఎత్తు పెరిగేకొద్దీ ఒరుగుడు ఎక్కువగా తెలుస్తుంది కనుక, మీరు తీసుకున్న పై అంతస్తు ముందు గది రెండు కదలికలూ బాగా తగిలే చోటు. నడిమి భాగంలో కింది అంతస్తు గది ఖాళీ ఉంటే బాల్కనీ పోయినా సరే తీసుకోండి. గాలి ఎక్కువైన రోజున బాల్కనీ తలుపు ఎలాగూ తెరవనివ్వరు.

బిస్కే విషయంలో భయపెట్టే కథలు చాలా వినిపిస్తాయి. అసలు కారణం ఇది: అట్లాంటిక్‌లో దూరాన పుట్టిన తుపాన్ల నుంచి నడిచి వచ్చే పొడవాటి అలలు 4,000 మీటర్లకు పైగా లోతున్న నీటి నుంచి 200 మీటర్లలోపు లోతున్న ఖండపు అంచు మీదికి వస్తాయి. పైగా ఆ అఖాతం పడమటి వైపు పూర్తిగా తెరిచి ఉంటుంది. అయినా కెప్టెను వాతావరణ సమాచారం ముందుగానే చూసుకుని వేగం తగ్గిస్తాడు, దారి మారుస్తాడు, అవసరమైతే ఒక రేవును వదిలేస్తాడు. అలా రేవు తప్పితే అమ్మగారు నిరాశపడకుండా ఆ మాట ముందే చెప్పి ఉంచండి.

ఇంకొక మాట. రాత్రి గది గోడలు కిర్రుమంటాయి, అప్పుడప్పుడు ముక్కు అలలో పడినప్పుడు దభీమని శబ్దం వచ్చి నేల వణుకుతుంది. కొత్తవారికి ఓడ విరిగిపోతున్నట్లే ఉంటుంది. ఆ కిర్రు చప్పుడు గోడల పలకలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల వస్తుంది. ఉక్కు కొద్దిగా వంగి తిరిగి నిలబడేటట్లే ఓడను కడతారు. ఈ సంగతి పగలు తీరికగా చెప్పి ఉంచితే పెద్దవాళ్లు రాత్రి నిద్రపోవడం నేను చూశాను.

జవాబు (నల్లకుంట గృహిణి)

రెండేళ్ల కిందట మా అత్తగారితో ఇదే దారిలో వెళ్లి వచ్చాను. మొదటి రోజు మేము చేసిన పొరపాటు, కడుపు తిప్పగానే గదిలో పడుకుని ఫోన్లు చూడడం. కన్ను కదలని తెరను చూస్తుంటే చెవిలోని సమతూకపు అవయవం కదులుతున్నామని చెబుతుంది, ఆ పొసగకపోవడమే వాంతికి మూలం. రెండో రోజు ఆమెను నడిమి అంతస్తులో పెద్ద కిటికీ ఉన్న హాలుకు తీసుకువెళ్లి, ఆకాశం నీటిని తాకే గీతను చూస్తూ కూర్చోబెట్టాను. గంటలో ముఖం తేటపడింది. అప్పటి నుంచి మా పగలంతా ఆ కుర్చీల చుట్టూనే నడిచింది.

తిండి కొద్దికొద్దిగా, తరచుగా తినాలి. ఖాళీ కడుపు, నిండు కడుపు రెండూ పనికిరావు. పొద్దున కాల్చిన రొట్టె, ఆపిల్ ముక్కలు, మధ్యాహ్నం తెల్లన్నం, పెరుగు అడిగి తెప్పించుకున్నాము. ఇంట్లో చేసినవి ఓడలోకి రానివ్వకపోవచ్చు కనుక, సీలు వేసిన మరమరాల ప్యాకెట్లు, అల్లం మురబ్బా ఇక్కడి నుంచే తీసుకువెళ్లాము. నూనె వస్తువుల వాసన వచ్చే బఫే వైపు ఆమెను వెళ్లనివ్వలేదు.

కాలక్షేపానికి పుస్తకం, అల్లిక పని వద్దు. తల వంచి చేసేది ఏదైనా తిప్పుడు పెంచుతుంది. ఓడలో వేదిక చాలాచోట్ల ముందు భాగంలోనే ఉంటుంది, అందుకే నాటకాలు, నృత్యాలు రద్దయ్యాయి, ఈతకొలను నీళ్లు కూడా తీసేశారు. మేము మాటలతో గడిపాము. సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్‌కు డబుల్ డెక్కర్ బస్సు పై అంతస్తులో కూర్చుని కాలేజీకి వెళ్లిన రోజుల గురించి మా అత్తగారు నాలుగు గంటలు చెప్పారు. నేను ఫోనులో రికార్డు చేస్తూ, తెర వైపు చూడకుండా విన్నాను. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆమె గురించి నాకు తెలియని సంగతులు ఆ రెండు రోజుల్లో తెలిశాయి. సాయంత్రం తువ్వాలు పరిచి దాని మీద అష్టాచమ్మా గీసుకున్నాము. గుడ్డ మీద గవ్వలు జారిపోవు. ఆట మధ్య మధ్య తల ఎత్తి కిటికీలోకి చూస్తే సరిపోతుంది.

గదిలో చిన్న జాగ్రత్తలు: బీరువాలో హ్యాంగర్లు రాత్రంతా టకటకలాడతాయి, వాటి మధ్య తువ్వాలు దూర్చండి. సీసాలు, కళ్లద్దాలు బల్ల మీద ఉంచకండి. స్నానాల గది తలుపు బరువుగా ఉండి ఓడ ఒరిగినప్పుడు తనంతట తానే మూసుకుంటుంది కనుక, దాని అంచున వేళ్లు పెట్టవద్దని పెద్దవాళ్లకు గట్టిగా చెప్పండి. ఒక చేయి ఎప్పుడూ పట్టుకునే కమ్మీ మీదే ఉండాలి. చెప్పులకు బదులు వెనుక పట్టు ఉన్న బూట్లు వేయించండి.

జవాబు (కొత్తపేట వైద్యుడు)

మందుల గురించి మాత్రమే రాస్తాను. ఘాట్ రోడ్డు ప్రయాణాలకు మనవాళ్లు వేసుకునే అవోమిన్ వంటివి వాంతులు మొదలయ్యాక కాకుండా, ముందుగా వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి. అయితే ఇవి మత్తు కలిగిస్తాయి. ఊగే నేల మీద మత్తుగా నడిచే పెద్దవారికి పడిపోయే ప్రమాదం అసలు వికారం కంటే పెద్దది. మీ నాన్నగారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం: ప్రోస్టేట్ పెరిగినవారికి ఈ రకం మందులతో మూత్రం బిగుసుకోవచ్చు, గ్లాకోమా ఉన్నవారికి కూడా ఇవి మంచివి కావు. ఆయనను చూసే వైద్యుణ్ణి అడగకుండా ఒక్క మాత్ర కూడా ఇవ్వవద్దు. అమ్మగారికైతే ఇంట్లో ఉండగానే ఒక రోజు వేసి చూడండి, ఎంత మగత వస్తుందో ముందే తెలుస్తుంది.

జవాబు (ప్రగతి నగర్ వాసి)

మా ప్రాంతంలోనే ఉన్న ఇన్‌కాయిస్ (భారత సముద్ర సమాచార కేంద్రం) మన సముద్రాలకు అలల ఎత్తు ముందుగా చెబుతుంది. మీ దారికి బ్రిటన్ వాతావరణ శాఖ ఇచ్చే ఓడల సూచనలో ‘బిస్కే’, ‘ఫిట్జ్‌రాయ్’ అనే సముద్ర భాగాలకు ఇచ్చినవి చూడండి. అందులో ‘రఫ్’ అంటే అలలు 2.5 నుంచి 4 మీటర్లు, ‘వెరీ రఫ్’ అంటే 4 నుంచి 6 మీటర్లు. ఇటువంటి సూచనల్లో చెప్పే ఎత్తు, ఎక్కువ ఎత్తున్న మూడో వంతు అలల సగటు. ఒక్కో అల దానికి రెట్టింపు దాకా లేవవచ్చు, కాబట్టి కిటికీలోంచి అంత పెద్దది కనిపిస్తే సూచన తప్పిందని కంగారు పడవద్దు.

ప్రశ్న వేసినవారు (మల్కాజ్‌గిరి వాసి)

అందరికీ కృతజ్ఞతలు. ఏజెంటుతో మాట్లాడి 5వ అంతస్తులో నడిమి గదికి మార్చుకున్నాము. దానికి బాల్కనీ లేదు, తెరవడానికి వీలులేని గుండ్రటి కిటికీ ఉంది. నాన్నను సోమవారం వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్తున్నాను. ఒక్క సందేహం మిగిలింది. గాలి గట్టిగా ఉన్న రోజున కొంచెంసేపైనా బయటి గాలి పీల్చుకోవడానికి వీలుంటుందా? అమ్మకు మూసిన గదిలో ఊపిరాడనట్లు ఉంటుంది.

జవాబు (సైనిక్‌పురి, విశ్రాంత మెరైన్ ఇంజనీరు)

పై డెక్కులు మూసివేస్తారు, కానీ చాలా ఓడల్లో కింద ఓడ చుట్టూ నడిచే డెక్కు ఒకటి ఉంటుంది, గాలికి చాటైన వైపు తలుపును అక్కడి సిబ్బంది తరచుగా తెరిచి ఉంచుతారు. తలుపు మీద తాడు కట్టి ఉంటే మాత్రం దాటవద్దు. పొద్దున్నే రిసెప్షన్‌లో ఏ వైపు తెరిచి ఉందో అడిగి, అమ్మగారి చేయి పట్టుకుని పది నిమిషాలు నిలబెట్టి తీసుకురండి.